ఇల్లూ ఇన్‌బాక్సూ కొద్దికొద్దిగా ఖాళీ చేసుకోవడం ఎలా?

ఈ పనిని ఆదివారానికి పెట్టుకోకండి. సెలవే కదా అని పొద్దున్నే అటక మీది సామానంతా కిందికి దించితే మధ్యాహ్నానికి హాలు నిండిపోతుంది, వంట ఆలస్యమవుతుంది, సాయంత్రం చుట్టాలెవరో వస్తున్నామని ఫోన్ చేస్తారు. దించినదంతా దించినట్టే మళ్లీ పైకెక్కుతుంది. దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపే ప్రతి కుటుంబానికీ ఇది తెలిసిన సంగతే. మెయిల్ దగ్గరా ఇదే జరుగుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న మెయిళ్లను ఒక్క రాత్రిలో చూసేయాలని కూర్చున్నవాళ్లు రెండు మూడు వందలు తీసేసరికి విసుగొచ్చి కంప్యూటర్ మూసేస్తారు.

రోజుకు పావుగంట చాలు. ఫోనులో అలారం పెట్టుకోండి. అది మోగగానే ఆపేయాలి. ఊపు మీదున్నా, ఇంకాస్త చేద్దామనిపించినా ఆపేయాలి. సామాను పేరుకోవడానికి తమ బద్ధకమే కారణమని చాలామంది తమను తాము తిట్టుకుంటారు. నేనలా అనుకోను. ప్రతి వస్తువు దగ్గరా ఒక నిర్ణయం తీసుకోవాలి: ఉంచుకోవాలా, ఎవరికైనా ఇవ్వాలా, పారేయాలా అని. "ఉండనీ, ఎప్పుడైనా పనికొస్తుంది" అనుకున్న ప్రతిసారీ ఆ నిర్ణయం వాయిదా పడుతుంది. అలా వాయిదా పడినవన్నీ అటక మీదా ఇన్‌బాక్సులోనూ కూర్చుంటాయి. నిర్ణయాలు తీసుకోవడం మనసును అలసట పెట్టే పని. పావుగంటలో ఇరవై వస్తువుల సంగతి నిదానంగా తేల్చగలం. నాలుగు గంటలు కూర్చుంటే చివరికి ఏదో ఒకటిలే అనిపించి, ఉంచాల్సింది పారేస్తాం, పారేయాల్సింది దాచేస్తాం.

మొదటి వారం: వచ్చేదాన్ని ఆపండి

మొదటి వారం ఇంట్లోంచి తీసేయడం గురించి పెద్దగా ఆలోచించకండి. లోపలికి ఏమేమి వస్తున్నాయో చూడండి. ఇంటికి వచ్చే సామానులో మనం కావాలని కొన్నది కొంతే. మిగతాదంతా దానంతటదే వస్తుంది. హోటల్ నుంచి భోజనం తెప్పించుకుంటే దాంతో వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు, బట్టల షాపు సంచులు, గృహప్రవేశాల్లో పెళ్లిళ్లలో ఇచ్చిన స్టీలు గిన్నెలు, ఒకటి కొంటే ఒకటి ఉచితమని వచ్చిన రెండోది, తాంబూలంలో పెట్టిన జాకెట్టు ముక్కలు. ఈ జాకెట్టు ముక్కల సంగతి తెలుగిళ్లలో అందరికీ తెలుసు. వాటిలో కుట్టించుకునేవి చాలా తక్కువ. ఒకరింట్లో అందుకున్నది మరొకరింట్లో తాంబూలంలోకి వెళ్తుంది, కొన్నాళ్లకు ఇంకెవరి ద్వారానో మన ఇంటికే వచ్చినా ఆశ్చర్యం లేదు. వాటన్నింటినీ ఒకే సంచిలో పెట్టి బీరువాలో ముందు వైపు ఉంచండి. పేరంటానికి కొత్తవి కొనకుండా అందులోంచే తీయండి. ఇక మీరు పిలిచే శుభకార్యాల్లో వచ్చినవాళ్లకు ఒక మొక్కో, అప్పటికప్పుడు తినేసే మిఠాయో ఇవ్వండి. మీ అటక మీది బరువు ఇంకొకరి అటక మీదికి ఎక్కదు.

హోటల్ డబ్బాలకు ఒక హద్దు పెట్టుకోండి. వంటింట్లో ఒక అరలో ఎన్ని పడితే అన్నే. కొత్తది వస్తే పాతది వెళ్లాలి. మూత లేని డబ్బా, డబ్బా లేని మూత ఆ రోజే వెళ్లాలి. తలుపు వెనక వేలాడే, కవర్ల నిండా కవర్లు కుక్కిన ఆ పెద్ద కవరుకూ ఇదే నియమం.

మెయిల్‌కు కూడా మొదటి వారం ఇదే పని. పాతవాటి జోలికి వెళ్లకండి. కొత్తగా వచ్చే ప్రకటనల మెయిల్ ఒక్కొక్కటీ తెరిచి, అందులో "అన్‌సబ్‌స్క్రైబ్" అన్న లింకును నొక్కండి. జీమెయిల్‌లో అయితే పంపినవారి పేరు పక్కనే ఆ మాట కనిపిస్తుంది. రోజుకు 5,000కు పైగా మెయిళ్లను జీమెయిల్ చిరునామాలకు పంపే సంస్థలు ఒక్క నొక్కుతో జాబితాలోంచి తప్పుకునే వీలు కల్పించాలని, రెండు రోజుల్లోగా ఆ కోరికను అమలు చేయాలని గూగుల్ 2024లో నిబంధన తెచ్చింది. 2025లో జీమెయిల్ మెనూలో సబ్‌స్క్రిప్షన్లన్నీ ఒకేచోట చూపే పేజీ కూడా వచ్చింది. ఎక్కువగా పంపేవాళ్లు అందులో పైన ఉంటారు. రోజుకు ఐదుగురి చొప్పున తప్పించుకుంటూ పోతే నెల తిరిగేసరికి ఇన్‌బాక్స్ తేడా మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. మీరెప్పుడూ వినని పేరుతో వచ్చిన మెయిల్‌లో, లాటరీ తగిలిందనో ఖాతా ఆగిపోతుందనో బెదిరించే మెయిల్‌లో ఏ లింకూ నొక్కకండి, అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా. వాటిని స్పామ్‌గా గుర్తు పెట్టి వదిలేయండి. ఆ లింకు నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని మోసగాళ్లకు తెలియజేసినట్టే.

ఫోనుకు వచ్చే ప్రచార సందేశాలు కూడా విసిగిస్తుంటే 1909కు ఫోన్ చేసి వద్దని నమోదు చేయించుకోవచ్చు.

రెండో అడుగు: జ్ఞాపకాలు లేని చోటు నుంచి మొదలు

చాలామంది బట్టల బీరువాతోనో ఫొటోల పెట్టెతోనో మొదలుపెట్టి, మొదటి రోజే పాత చీర ఒకటి చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుండిపోతారు. జ్ఞాపకాలున్న వస్తువులను చివరికి వదిలేయండి. మందుల డబ్బాతో మొదలుపెట్టండి. దాన్ని చూసి ఎవరి మనసూ కరగదు, పైగా గడువు తేదీ రాసే ఉంటుంది కాబట్టి నిర్ణయం సులువు.

డబ్బా మొత్తం ఒక పాత పేపరు మీద బోర్లించండి. సగం తెగిన మాత్రల స్ట్రిప్పులను ముందు చూడండి. కత్తెరతో కోసినప్పుడు తేదీ ఉన్న ముక్క పోయి ఉంటే ఆ మాత్రలను నమ్మడానికి లేదు, పక్కన పెట్టండి. మూత తీసిన కళ్ల మందు చుక్కలు చాలావరకు నెల రోజులకు మించి వాడకూడదు, ఆ మాట సీసా మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. పిల్లలకు ఎప్పుడో వాడిన యాంటీబయాటిక్ సిరప్పు, నీళ్లు కలిపాక కొద్ది రోజులే పనిచేస్తుంది. మిగిలిందని దాచి మళ్లీ జ్వరం వచ్చినప్పుడు పోయడం ప్రమాదం. ఇవన్నీ సింకులో ఒలకబోయకండి, తడి చెత్తలో వేయకండి. గడువు తీరిన మందులు, పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, వాడిన సూదులు, పగిలిన పాదరసం థర్మామీటరు, పెయింటు డబ్బాలు మన దేశ చెత్త నిబంధనల ప్రకారం విడిగా ఇవ్వాల్సిన ఇంటి వ్యర్థాల కిందికి వస్తాయి. వాటిని వేరే సంచిలో కట్టి, అది ఏమిటో నోటితో చెప్పి చెత్త బండివారికి ఇవ్వండి. చేతులతో వేరు చేసేది వాళ్లే కదా.

మరుసటి రోజు ఫ్రిజ్ తలుపు. ఆ తర్వాత వంటింట్లో ఒక్క సొరుగు. ఆ తర్వాత బాల్కనీ.

బాల్కనీ, మేడ మీద విరిగిన బకెట్లు, ఖాళీ పూలకుండీలు, కొబ్బరి చిప్పలు ఉంటే వాటిని మాత్రం వరుస తప్పించైనా ముందే తీసేయండి. డెంగీ దోమ నిలిచిన మంచి నీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ఆరోగ్య శాఖ చెప్పేది అందుకే. వారానికి ఒకసారి నీళ్లు పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది. హైదరాబాద్‌లో 2020లో నడిచిన "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" ప్రచారంలో ఉన్న లెక్క కూడా ఇదే.

మూడో అడుగు: కాగితాలు

ఇది కాస్త నిదానంగా చేయాల్సిన పని. ఇంట్లో అన్నిటికంటే తక్కువ చోటు పట్టేవీ, పారేస్తే అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేవీ కాగితాలే. రోజుకు ఒక్క ఫైలు, లేదా ఒక్క ప్లాస్టిక్ కవరు మాత్రమే తెరవండి.

ఎప్పటికీ ఉంచాల్సినవి ఒక దళసరి ఫోల్డరులోకి వెళ్లాలి: ఇల్లు, స్థలం, పొలం దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకం, జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు, పదో తరగతి మెమో నుంచి డిగ్రీ దాకా అసలు సర్టిఫికెట్లు, బీమా బాండ్లు, పింఛను కాగితాలు. లింకు డాక్యుమెంటు అంటే ఇప్పుడు మన పేరున ఉన్న దానికి ముందు ఆ ఆస్తి ఎవరి చేతులు మారిందో చెప్పే పాత దస్తావేజు. ముత్తాత నాటి చిరుగుల కాగితమని దాన్ని తీసిపారేయకండి. అమ్మేటప్పుడు, లోను పెట్టేటప్పుడు అదే అడుగుతారు.

ఇంటి లోను తీరిపోయినా అసలు కాగితాలు బ్యాంకు దగ్గరే ఉండిపోయాయేమో కూడా ఈ సందర్భంలో చూసుకోండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2023 డిసెంబరు 1 తర్వాత లోను పూర్తిగా తీర్చినవారికి బ్యాంకులు 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తమ వైపు నుంచి ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి.

కొన్నేళ్లు ఉంచి తీసేయదగినవి: ఆదాయపు పన్ను రిటర్నులు, ఫారం-16 (జీతం నుంచి పట్టుకున్న పన్నుకు యజమాని ఇచ్చే పత్రం), వాటికి జతగా పెట్టిన రశీదులు. ఏడెనిమిదేళ్లవి ఉంచుకుంటే నిశ్చింత. ఇల్లు కొన్నప్పటి, కట్టినప్పటి ఖర్చుల కాగితాలు మాత్రం ఆ ఇల్లు అమ్మేవరకూ, అమ్మిన తర్వాత పన్ను లెక్క తేలేవరకూ ఉండాలి. కొన్న ధర రుజువు చేయలేకపోతే లాభం ఎక్కువగా కనిపించి పన్ను ఎక్కువ పడుతుంది.

తెలుగువాళ్ల బీరువాల్లో తప్పకుండా దొరికేవి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంకు పాసుపుస్తకాలు, చెక్కుపుస్తకాలు. మొదటిది 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో, రెండోది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఆ చెక్కులు ఇప్పుడు ఎక్కడా చెల్లవు, సంతకం చేసినవి ఉంటే చించేయండి. పాసుపుస్తకాలు చించే ముందు మాత్రం ఆగండి. ఆ ఖాతా మూసేశారో, అందులో ఎంతో కొంత ఉండిపోయిందో చూడాలి. పదేళ్లు ఎవరూ ముట్టని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి బదిలీ అవుతాయి, అయినా ఖాతాదారుకో వారసులకో వాటిపై హక్కు పోదు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు, పాన్ లేదా పుట్టిన తేదీ వంటి ఒక వివరం ఇస్తే చాలా బ్యాంకుల్లో ఒకేసారి వెతకవచ్చు. తాతగారి పాసుపుస్తకం దొరికితే ఆయన పేరుతో వెతకండి. డబ్బు ఏమీ లేకపోయినా, మచిలీపట్నంలో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు పుస్తకం ఒకటి ఇంట్లో గుర్తుగా ఉంచుకోవడంలో తప్పులేదని నా అభిప్రాయం. ఒకటి చాలు.

షాపుల బిల్లుల విషయంలో తొందరపడాలి. ఇప్పటి బిల్లులు చాలావరకు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి, కొన్ని నెలల్లో అక్షరాలు వెలిసిపోతాయి. వారంటీ ఉన్న వస్తువు బిల్లును కొన్న రోజే ఫోటో తీసి మీకు మీరే మెయిల్ పంపుకోండి, విషయం దగ్గర వస్తువు పేరు, కొన్న సంవత్సరం రాయండి. వెతికితే ఒక్క క్షణంలో దొరుకుతుంది. మిక్సీకి, టీవీకి వచ్చిన అట్టపెట్టెలను అటక మీద దాచేవారున్నారు. మరమ్మతుకు తీసుకెళ్తే అడిగేది బిల్లునే, పెట్టెను కాదు. తిరిగిచ్చే గడువు దాటగానే పెట్టె వెళ్లిపోవచ్చు. బొద్దింకలకు, చెదలకు అట్టపెట్టె కంటే ఇష్టమైన ఇల్లు లేదు.

ఆధార్, పాన్ జిరాక్సులు కట్టలుగా దొరుకుతాయి. వాటిని పాత పేపర్ల కట్టలో కలిపి అమ్మకండి. నంబరూ ఫొటోనూ అడ్డంగా చింపి, తడిపి చెత్తలో వేయండి. డ్రైవింగ్ లైసెన్సు, వాహన ఆర్‌సీ, మార్కుల మెమోల వంటివి 2015లో మొదలైన డిజిలాకర్‌లో పెట్టుకోవచ్చు. అయితే ఆ యాప్‌లో జారీ చేసిన శాఖ నుంచి నేరుగా వచ్చిన పత్రానికే అసలుతో సమానమైన విలువ ఉంటుంది. మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నది ఉత్త నకలు మాత్రమే, దాన్ని చూసుకుని అసలు కాగితాన్ని అశ్రద్ధ చేయకండి.

నాలుగో అడుగు: మెయిల్‌లో పాత నిల్వలు

ఇంటి కాగితాలు కొలిక్కి వచ్చాక మెయిల్ పాత నిల్వల దగ్గరికి రండి. ఈ పని ఫోనులో కంటే కంప్యూటర్‌లో హాయిగా సాగుతుంది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి 15 జీబీ. 2021 జూన్ 1 నుంచి ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. అది నిండిపోతే కొత్త మెయిళ్లు రావు, పంపినవారికి వెనక్కి వెళ్లిపోతాయి. ఉద్యోగం కోసమో కాలేజీ సీటు కోసమో ఎదురుచూసే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

మెయిళ్లను ఒక్కొక్కటిగా తీయకండి. పంపినవారిని బట్టి తీయండి. ఏదో ఒక షాపు నుంచి వచ్చిన మెయిల్ కనిపిస్తే, దాని చిరునామాను సెర్చ్ పెట్టెలో వేయండి. ఆ చిరునామా నుంచి వచ్చినవన్నీ వరుసగా వస్తాయి. పైన ఎడమవైపు ఉన్న చిన్న చదరాన్ని నొక్కితే ఆ పేజీలోనివి, మామూలుగా 50, ఎంపికవుతాయి. వెంటనే పైన ఒక లైను కనిపిస్తుంది: ఈ వెతుకులాటలో దొరికినవన్నీ ఎంచుకోమని. చాలామంది దీన్ని గమనించరు, యాభై యాభై చొప్పున తుడుస్తూ కూర్చుంటారు. దాన్ని నొక్కి డిలీట్ చేస్తే వేలకొద్దీ మెయిళ్లు ఒకేసారి పోతాయి. రోజుకు ముగ్గురు పంపినవారి పని పట్టండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

తుడిచే ముందు చిరునామా సరిగ్గా చూడండి, పేరు మాత్రమే చూసి తీసేయవద్దు. ఒకే బ్యాంకు ఆఫర్లను ఒక చిరునామా నుంచి, స్టేట్‌మెంట్లను మరో చిరునామా నుంచి పంపుతుంటుంది. ఆఫర్ల చిరునామా మీద మాత్రమే చేయి వేయండి. బీమా పాలసీ, ఫారం-16, ఆస్పత్రి రిపోర్టుల వంటివి కనిపించినప్పుడల్లా దించుకుని ఒక ఫోల్డరులో పెట్టండి. తాళం వేసిన పీడీఎఫ్‌లకు పాస్‌వర్డు ఎలా ఏర్పడిందో, అంటే పుట్టిన తేదీయా, పేరులో మొదటి నాలుగు అక్షరాలా అన్న సూచన ఆ రోజే రాసుకోండి. ఐదేళ్ల తర్వాత దాన్ని చెప్పే మెయిల్ మీ దగ్గర ఉండదు.

తర్వాత పెద్ద మెయిళ్లు. సెర్చ్ పెట్టె కుడి చివర గీతల గుర్తు నొక్కితే పరిమాణం అడిగే గడి ఉంటుంది. 10 ఎంబీ కంటే పెద్దవి చూపమని అడగండి. ఎప్పుడో ఎవరో పంపిన పెళ్లి ఫొటోలు, పాత ప్రాజెక్టు ఫైళ్లు బయటపడతాయి. కావలసిన ఫొటోలు దించుకుని మెయిల్ తీసేయండి. చోటు అన్నిటికంటే వేగంగా మిగిలేది ఇక్కడే.

ఇంకో రెండు సంగతులు తెలియక చాలామంది తికమకపడతారు. ఆర్కైవ్ చేస్తే మెయిల్ ఇన్‌బాక్స్ నుంచి పక్కకు వెళ్తుంది, ఖాతాలోనే ఉంటుంది, చోటు ఏమీ మిగలదు. డిలీట్ చేసినది ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, అప్పటిదాకా చోటూ పడుతుంది. పొరపాటున తీసేసినా నెల లోపల వెనక్కి తెచ్చుకోవచ్చన్నమాట. ఈ ధైర్యం ఉంటే చేయి వణకదు.

ఫోల్డర్లు, లేబుళ్లు పది పదిహేను పెట్టుకునే ఉత్సాహం కొందరిలో ఉంటుంది. నా సలహా, నాలుగు చాలు: ఇల్లు, డబ్బు, ఆరోగ్యం, చదువు. మిగతాది సెర్చ్ చూసుకుంటుంది. చదవని మెయిళ్ల అంకె సున్నా కావాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. రెండేళ్ల కిందటి చదవని మెయిళ్లను అలాగే ఆర్కైవ్ చేసినా కొంప మునగదు.

వాట్సాప్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి నిల్వ నిర్వహణ తెరిస్తే, 5 ఎంబీ దాటిన ఫైళ్లు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. శుభోదయం బొమ్మలు అక్కడే దొరుకుతాయి. వీడియోలు వాటంతటవే దిగకుండా కట్టేయడం మరిచిపోకండి.

మీకో మీ ఇంట్లో పెద్దవాళ్లకో వాడకుండా వదిలేసిన రెండో గూగుల్ ఖాతా ఉంటే ఒకసారి తెరవండి. రెండేళ్లు వాడకపోతే ఆ ఖాతాను, అందులోని ఫొటోలతో సహా, తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది.

ఐదో అడుగు: బట్టలు

బట్టల దగ్గర ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ పండగకు ఇది కట్టుకుంటానా? లేదంటే వచ్చే పెళ్లికి? రెండింటికీ కాదన్న జవాబు వస్తే అది వెళ్లాల్సిందే. సన్నబడితే వేసుకుంటానని దాచినవాటిలో మనసుకు బాగా నచ్చిన ఒక్కటి ఉంచుకోండి.

ఇచ్చేముందు ప్రతి చీరనూ పూర్తిగా విప్పి దులపండి, ప్యాంటు జేబులు తిరగేయండి. పట్టుచీరల మడతల్లో, ఖాళీ హ్యాండుబ్యాగుల్లో అమ్మలూ అమ్మమ్మలూ దాచిన నోట్లు దొరుకుతూనే ఉంటాయి. 2,000 రూపాయల నోటు దొరికితే దిగులు పడకండి. 2023 మేలో దాన్ని ఉపసంహరించినా చెల్లుబాటు పోలేదు. రిజర్వు బ్యాంకు కార్యాలయాల్లో ఖాతాకు జమ చేయించుకోవచ్చు, హైదరాబాద్ కార్యాలయం వాటిలో ఒకటి. పోస్టు ద్వారా పంపే వీలూ ఉంది. 2016 నవంబరులో రద్దయిన పాత 500, 1,000 నోట్లు మాత్రం ఇక మారవు. పైగా 2017 నాటి చట్టం ప్రకారం అవి పదికి మించి దగ్గర ఉంచుకోకూడదు.

పాత పట్టుచీరలో వెండి జరీ ఉంటే కొనేవాళ్లుంటారు. వీధిలో తిరిగేవారికి తూకం లెక్కన ఇచ్చేయకుండా రెండు మూడు చోట్ల అడగండి, జరీ నిజమైనదో కాదో పరీక్షించి చెబుతారు. మెత్తబడిన నూలు చీరలూ పంచెలూ బొంతలకు సరిగ్గా సరిపోతాయి. బొంత కుట్టేవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే తప్పకుండా వాళ్లకు పని ఇవ్వండి. అంత వెచ్చగా, ఒంటికి అంత మెత్తగా ఉండే దుప్పటి ఏ షాపులోనూ దొరకదు. చిరిగినవి, మరకలు పడ్డవి ఎవరికీ దానం చేయకండి, మసిగుడ్డలుగా కోసుకోండి. మనం వేసుకోలేనిది ఇంకొకరు సంతోషంగా వేసుకుంటారనుకోవడం అవతలివారిని చిన్నచూపు చూడటమే.

ఆరో అడుగు: గడప దాటించడం

చాలా ఇళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే. ఇవ్వాలని కట్టిన సంచి తలుపు వెనక నెలలు గడుపుతుంది, ఆ లోపు ఇంట్లో ఎవరో విప్పి సగం లోపలికి తీసుకుంటారు. సంచి కట్టిన రోజే దాని మీద తేదీ, ఎవరికి ఇవ్వాలో రాయండి. వారం దాటకుండా అది గడప దాటాలి.

పాత పేపర్లు, ఇనుము, సీసాలు వీధిలో కొనేవారికి. చదివేసిన పుస్తకాలు హైదరాబాద్‌లో కోఠి, ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు, విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు తీసుకుంటాయి. పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంటర్, ఈఏపీసెట్ (ఇదివరకటి ఎంసెట్) మెటీరియల్ అమ్మేకంటే మీ వీధిలో ఆ చదువులోకి వస్తున్న పిల్లలకు ఇవ్వండి, ఏడాది దాటితే సిలబస్ మారిపోవచ్చు.

పాత ఫోన్లు ఇచ్చేముందు అందులోని గూగుల్ ఖాతాను తొలగించి, ఆ తర్వాత మొత్తం సమాచారం చెరిపేయండి. ఖాతా తీయకుండా చెరిపితే తీసుకున్నవారికి అది తెరుచుకోదు. ఉబ్బిన బ్యాటరీని సొరుగులో ఒక్క రోజు కూడా ఉంచకండి, నిప్పు అంటుకోగలదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యతను తయారీ కంపెనీల మీద పెట్టాయి. కొత్తది కొనే షాపులోనే పాతదాన్ని తీసుకుంటారేమో అడగండి.

పాత క్యాలెండర్లు, శుభలేఖలు, వెలిసిన దేవుడి పటాలు చెత్తలో వేయడానికి మనసు ఒప్పుకోదు. చెట్టు కింద పెట్టి వస్తే గాజు పగిలి కాళ్లకు గుచ్చుకుంటుంది, కాలువలో వేస్తే నీళ్లు పాడవుతాయి. పటం నుంచి గాజు, చట్రం విడదీయండి. మామూలు కాగితం బొమ్మ అయితే బకెట్ నీళ్లలో నానబెట్టి, మెత్తగా గుజ్జయ్యాక మొక్కల పాదులో కలిపేయండి. ప్లాస్టిక్ పూత ఉన్నవి కరగవు, వాటిని పొడి చెత్తకే ఇవ్వక తప్పదు.

జనవరిలో భోగి మంట ఉంది కదా, అందులో వేసేద్దామని పాత పరుపులు, టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు దాచకండి. చెక్క, ఆవు పిడకలు వేసే మంట అది. స్పాంజి, రెగ్జిన్, ప్లాస్టిక్ కాలిస్తే వచ్చే పొగ ముందుగా పోయేది చుట్టూ నిలబడిన పిల్లల ఊపిరితిత్తుల్లోకే.

ఇతరుల సామాను

మీ వస్తువుల మీదే మీకు అధికారం. అత్తగారి ఇత్తడి గుండిగలు, నాన్నగారి పాత రేడియో, కొడుకు క్రికెట్ బ్యాటు వాళ్లు ఇంట్లో లేనప్పుడు పంపేస్తే ఆ తర్వాత ఇంట్లో ఎవరూ మీ మాట నమ్మరు, అందరూ దాచుకోవడం మొదలుపెడతారు. పెద్దవాళ్లతో "ఇది పారేద్దామా?" అనకండి. "అత్తయ్యా, ఈ గుండిగ ఎవరు కొన్నారు?" అని అడగండి. కథ చెప్పించుకోండి, ఫోనులో రికార్డు చేయండి. కథ చెప్పాక చాలామంది తామే, "దీన్ని చిన్నదానికి ఇవ్వు, వాడుకుంటుంది" అంటారు. అనకపోతే ఆ గుండిగ అక్కడే ఉండనివ్వండి.

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అన్న సామెతను మాత్రం ఈ పనిలోకి రానివ్వకండి. సామాను అందరూ తెస్తారు, సర్దే భారం ఒక్కరి మీదే పడితే ఏ పద్ధతీ నెల రోజులు నిలవదు. పావుగంట అలారం మోగినప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ తమ తమ అర, తమ తమ మెయిల్ తెరవాలి. పిల్లలకు వాళ్ల పుస్తకాల అర, భర్తకు ఆయన ఛార్జర్లు, వైర్లు ఉన్న డబ్బా. ఏ పరికరానిదో ఎవరూ చెప్పలేని వైర్లకు ఒక చీటీ కట్టి తేదీ రాయండి. ఆర్నెల్లలో ఎవరూ అడగకపోతే ఈ-వ్యర్థాల సంచిలోకి వెళ్తాయి.

అటకను అన్నిటికంటే ఆఖరున, నెలకు ఒక్క మూట చొప్పున దించండి. దించినది ఆ వారమే తేల్చండి. మళ్లీ పైకెక్కేవి ఏవైనా ఉంటే, ఒక తెల్ల కాగితం మీద ఏ మూలన ఏమున్నాయో పెద్ద అక్షరాలతో రాసి అటక తలుపు లోపలి వైపు అంటించండి. ఆ కాగితాన్ని ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. కుంకుమ భరిణెల పెట్టె ఎక్కడుందో తెలియక మళ్లీ కొత్తవి కొనాల్సిన పని ఉండదు.